బుల్లెట్ ఎదురు తన్నకుండా ఉండాలంటే
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1955లో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్ మనలో కొందరి ఇళ్ళలో ఇంకా ఉంది. చంపాపేట్‌లో నా పాత 350ని ఒక మెకానిక్ బాగుచేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి కిక్ కొట్టగానే ఎదురు తన్నింది. చీలమండ వాచి పది రోజులు మంచం దిగలేదు. టైమింగ్ మరీ ముందుండడమే కారణం. పిస్టన్ పైకి చేరకముందే మంట పుట్టి, ఇంజనును వెనక్కి నెట్టింది. ఆలస్యమైతే మరొక చిక్కు: లాగుడు తగ్గి ఇంజను వేడెక్కుతుంది.

అప్పటినుండి నేనే చూసుకొంటున్నాను. ముందుగా పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ఉంచాలి, గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది. బండిని సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్గు తీసి, నాలుగో గేరులో వెనుక చక్రాన్ని ముందుకు తిప్పాలి. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు ట్యాపెట్ రాడ్లు రెండూ వేళ్ళకు తేలిగ్గా తిరుగుతాయి. పై అంచుకు ఇంకా 0.8 మి.మీ. ఉందనగా, పాయింట్ల మధ్య పెట్టిన సిగరెట్ కాగితం జారి రావాలి. రాకపోతే స్క్రూలు వదులు చేసి కాంటాక్ట్ బ్రేకరును కొద్దిగా జరపాలి. వేగానికి తగిన అడ్వాన్సును లోపలి బరువులే ఇస్తాయి. ఆ పని మనం చేయబోతేనే ప్రమాదం.

మన వయసులో విరిగిన ఎముక త్వరగా అతకదు. ఎవరు బాగుచేసి ఇచ్చినా సరే, కాగితం పెట్టి చూశాకే కిక్ మీద కాలు వేయండి.