డిష్షా, ఇంటర్నెట్టా? - మా ఇంటి అనుభవం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు ఫోను చేసి, "పదిమందికీ పనికొచ్చే విషయం ఏదైనా మాట్లాడండి" అన్నారు. డి.ఆర్. గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఉదయమే చెప్పేశారు. నేను 1974లో ఎల్.డి.సి.గా చేరి 2010లో రిటైరైనవాణ్ణి. ఇంజనీర్ని కాను. అయినా మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు నలుగుతున్న విషయం ఒకటుంది. టీవీకి డిష్షు ఉంచుకోవాలా, లేక పిల్లలు చెబుతున్నట్టు ఇంటర్నెట్‌కి మారిపోవాలా అని. దీని మీద మా ఇంట్లో జరిగింది జరిగినట్టు మనవి చేస్తాను.

ఉపగ్రహం టీవీ మనకు కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు పంపారు. అందులో మన రాష్ట్రమూ ఉంది. ఆనాటి డిష్షు కోళ్ళ గూటికి వాడే వలలాంటి ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు. ఇవాళ డాబా మీద రెండడుగుల పళ్ళెం చాలుతోంది. 2003 తర్వాత ఈ పళ్ళేలు మన ఊళ్ళలోకి వచ్చాయి. అంతకుముందు యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా? వచ్చిందా?" అని డాబా మీంచి కేకలు వేసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. 1987లో రామాయణం కోసం నేను వాయిదాల మీద బ్లాక్ అండ్ వైట్ టీవీ కొంటే, ఆదివారం పొద్దున మా వాకిట్లో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఈ రెండింటికీ తేడా ఏమిటో నాకు ఆఫీసు భాషలో అర్థమయింది. డిష్షు అంటే సర్క్యులర్. పైనుంచి ఒకటే కాపీ అందరికీ వస్తుంది. చూసేవారు పదిమందైనా పది లక్షలమందైనా దానికి పట్టదు. ఇంటర్నెట్ అంటే ఇండెంటు. మనం అడిగితే మన పేరున విడిగా పంపుతారు. అందుకే సాయంత్రం వీధిలో అందరూ ఒకేసారి అడిగినప్పుడు చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. సర్క్యులర్‌లో ఉన్నదే చదువుకోవాలి, ఇండెంటులో కావలసింది రాసుకోవచ్చు. ఎవరి సుఖం వారిది.

2024 సంక్రాంతికి మా పెద్దబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చాడు. డిష్షు బిల్లు నెలకు రు. 330 చూసి, "నాన్నగారూ, ఈ రోజుల్లో ఇదెవరు కడుతున్నారండీ?" అని, పండగ వెళ్ళేలోపల కొత్త స్మార్ట్ టీవీ కొని, ఫైబర్ కనెక్షన్ పెట్టించి, డిష్షు రీచార్జి మాన్పించేశాడు. ప్రేమతో చేశాడు, తప్పు పట్టను. నాకైతే హాయిగా ఉంది. పాత సినిమాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు. ఫోనులోనే చూసుకుంటూ గదిలో పడుకునేవాణ్ణి.

మా ఆవిడకు అంతకు మూడు నెలల ముందే ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండో కన్ను ఇంకా కావలసి ఉంది. సాయంత్రం దీపం పెట్టుకుని, టీవీలో భక్తి కార్యక్రమం, తర్వాత రెండు సీరియళ్ళు చూడటం ఆమెకు పాతికేళ్ళ అలవాటు. పాత రిమోట్ మీద మూడంకెలు నొక్కితే చానల్ వచ్చేది, అంకెలు వేళ్ళకే తెలుసు. కొత్తదాంట్లో అంకెలే లేవు. బాణాలతో పక్కకు జరిపి, బొమ్మల్లోంచి ఒకటి ఎంచుకుని, "చూసేది ఎవరు?" అని అడిగితే ఒక ముఖం మీద నొక్కి, ప్రకటన అయ్యేదాకా ఆగి, ఆపైన చానళ్ళ వరుసలో వెతుక్కోవాలి. పొరపాటున పక్క బొత్తాం నొక్కితే ఇంగ్లీషులో ఇంకేదో వస్తుంది.

ఆమె ఒక్కమాట అనలేదు. పది పన్నెండు రోజులు ఆర్పేసిన టీవీ ముందు కూర్చుని వత్తులు చేసుకుంటూ ఉండేది. నేను రెండుసార్లు చూశాను కూడా. టీవీ మీద విరక్తి పుట్టిందేమో, మంచిదే అనుకున్నాను. ఎదురింటి ఆవిడ వచ్చి "పిన్నిగారూ, నిన్నటి సీరియల్ చూశారా?" అంటే, "మాకు రావటం లేదమ్మా" అంది. అది గదిలోంచి విన్నాను. ఆమె వెళ్ళాక అడిగితే, "అబ్బాయి అంత ఖర్చు పెట్టాడు, మీరు కూడా సంతోషంగా ఉన్నారు, నా ఒక్కదాని కోసం ఎందుకని" అంది. ముప్ఫై ఆరేళ్ళు ఎవరెవరి అర్జీలో చదివాను. నా ఇంట్లో పన్నెండు రోజులుగా పెండింగులో ఉన్నదాన్ని నేను చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే డిష్షు మళ్ళీ రీచార్జి చేశాను. తీరా చూస్తే సిగ్నల్ లేదు. వచ్చిన కుర్రవాడు డాబా ఎక్కి దిగి, "మీ దక్షిణం పక్కింటివాళ్ళు మూడో అంతస్తు వేశారండి" అన్నాడు. ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. కనుక మన ప్రాంతంలో పళ్ళెం దక్షిణానికో, కాస్త ఆగ్నేయానికో చూడాలి. ఆ దిక్కున గోడగాని కొబ్బరిచెట్టుగాని అడ్డం వస్తే అంతే సంగతులు. పళ్ళెం వాటర్ ట్యాంకు పక్కకు మార్చడానికి రు. 400 తీసుకున్నాడు. అపార్టుమెంట్లలో ఉత్తరం వైపు వాటా ఉన్నవారు డాబా మీద చోటు ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

వాన గురించి కూడా చెప్పాలి. డిష్షుకు వచ్చే తరంగాలు చాలా సన్నవి, పెద్ద చినుకులు వాటిని మింగేస్తాయి. తుపాను వార్త వినాలన్నప్పుడే టీవీ "సిగ్నల్ లేదు" అంటుంది. అరగంట ఆగితే తనే వస్తుంది. ఇంటర్నెట్‌కు ఆ బాధ లేదు గాని, రోడ్డు తవ్వినవాడి గునపం తగిలినా, చెట్టుకొమ్మ తీగ మీద పడినా ఒకటి రెండు రోజులు పోతుంది. కరెంటు పోతే రెండూ పోతాయి. ఇన్వర్టరు మీద టీవీతోపాటు రౌటరు పెట్టెను కూడా కలిపారో లేదో చూసుకోండి. మా ఇంట్లో టీవీ వెలుగుతూ రౌటరు ఆరిపోయి, తప్పెక్కడో తెలియక గంటసేపు కంపెనీవాళ్ళను తిట్టుకున్నాను. గాలివాన రోజుల్లో నేను నమ్మేది పాత ట్రాన్సిస్టర్‌నే.

క్రికెట్ ప్రియులకు ఒక చిన్న మాట. 2024 జూన్ 29 రాత్రి టి-20 ప్రపంచకప్ ఫైనల్. డిష్షు ప్యాకేజీలోంచి ఆటల చానల్ తీసేశాను గనుక నేను ఫోనులో చూస్తున్నాను. చివరి ఓవర్లో ఇంకా బౌలర్ పరుగు మొదలెట్టకుండానే పక్కింట్లో పెద్ద కేక. అరనిమిషం తర్వాత నా ఫోనులో సూర్యకుమార్ బౌండరీ దగ్గర ఆ క్యాచ్ పట్టాడు. అంత ఎత్తు ఎక్కి దిగినా ఉపగ్రహం తీసుకునేది సెకనులో నాలుగో వంతే. ఇంటర్నెట్‌లో ముక్కలుగా పోగుచేసి పంపుతారు గనుక వెనకబడుతుంది. ఆ కేక లేకపోతే నాకీ తేడా తెలిసేది కాదు.

ఇక డబ్బు లెక్క. గుమాస్తాని కనుక పుస్తకంలో రాసి పెట్టాను. ఫైబర్ నెలకు రు. 399, దాని మీద 18 శాతం జి.ఎస్.టి. కలిపితే రు. 471. ఇది కాక సినిమాల యాప్‌లకు విడిగా చందా. కేవలం టీవీ కోసమే ఇంటర్నెట్ పెట్టించుకుంటే డిష్షు కంటే ఎక్కువే అవుతుంది. మాకు మాత్రం మనవరాలితో వీడియోలో మాట్లాడటానికి, ఏటేటా జీవన్ ప్రమాణ్ పత్రం ఫోనులో ముఖం చూపించి పంపడానికి ఎలాగూ ఇంటర్నెట్ కావాలి. అలాంటి ఇంట్లో లెక్క మారుతుంది. ఫోను డేటా మీద టీవీ చూద్దామనుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. మంచి స్పష్టతతో గంట సినిమాకు రెండు మూడు జీబీలు ఖర్చవుతాయి, రోజు కోటా సగం సినిమాకే సరి.

డిష్షు బిల్లు తగ్గించుకునే మార్గం మనలో చాలామంది వాడుకోవడం లేదు. 2019 నుంచి ట్రాయ్ నిబంధనల ప్రకారం మనకు కావలసిన చానళ్ళు మనమే ఎంచుకోవచ్చు. మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చూసేవి పదకొండేనని తేల్చి, మిగతా డబ్బు చానళ్ళు తీయించేస్తే రు. 330 కాస్తా రు. 225 అయింది. నెలనెలా కట్టనే వద్దనుకునేవారికి దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరులో మొదలైంది. పెట్టె, పళ్ళెం ఒక్కసారి కొనుక్కుంటే చాలు. సప్తగిరి, యాదగిరి వస్తాయి. మన ప్రైవేటు తెలుగు సీరియళ్ళన్నీ మాత్రం అందులో ఆశించవద్దు. మా బావమరిది పల్లెలో ఒంటరిగా ఉంటాడు, ఫైబర్ తీగ ఆ ఊరికి ఇంకా రాలేదు, అతనికి అదే పెట్టించాను. మన ఆంధ్రలో ఫైబర్‌నెట్ కూడా 2016-17 నాటి నుంచి కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి ఇచ్చింది. ఆరంభంలో నెలకు రు. 149 ఉండేది. అలా వచ్చే టీవీ కూడా ఇంటర్నెట్ పద్ధతిదే, కాని పెట్టెకు చానల్ నంబర్లు ఉంటాయి గనుక పెద్దవాళ్ళకు సులువు. ఇంటర్నెట్ టీవీ అంటే అన్నీ ఒకటే కాదని అందుకే అంటున్నాను.

ఒక్క హెచ్చరిక చేసి ముగిస్తాను. నేనొక యాప్‌కు "ఒక్క రూపాయితో వారం రోజులు" అంటే ఒప్పుకున్నాను. ఎనిమిదో రోజున బ్యాంకులోంచి రు. 1,499 పోయింది. ఏడాది చందాకు నేనే అనుమతి ఇచ్చానట! సన్నక్షరాల్లో ఉంది. అది నా పొరపాటు. నాతో పనిచేసిన మిత్రుడి సంగతి అంతకంటే దారుణం. "మీ డిష్షు ఈ రాత్రికి ఆగిపోతుంది, ఈ లింకు నొక్కండి" అని ఎవరో ఫోను చేస్తే, కంపెనీవాళ్ళే అనుకుని నొక్కి, ఓటీపీ చెప్పి, నెల పెన్షన్ సగం పోగొట్టుకున్నాడు. సిగ్గుపడి నాలుగు రోజులు ఇంట్లో చెప్పలేదు. అలా జరిగితే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఒంటరిగా ఉండే అక్కచెల్లెళ్ళు ఆ నంబరు టీవీ పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో రెండూ ఉన్నాయి. హాల్లో డిష్షు ఆమెది, గదిలో ఇంటర్నెట్ నాది. అబ్బాయి మొదట "రెండింటికీ దండగ కదండీ" అన్నాడు. వాళ్ళమ్మ సంగతి చెప్పాక ఏమీ అనలేదు. దసరాకి వచ్చినప్పుడు డిష్షు రిమోట్ మీద ఆమె చూసే చానళ్ళ అంకెలు పెద్దక్షరాలతో రాసి టేపు అంటించి వెళ్ళాడు. రెండో కంటి ఆపరేషన్ కూడా అయింది. ఆ టేపు మాత్రం ఆమె తీయనివ్వటం లేదు.

మా ఇంటి రెండు బిల్లులూ, తీయించేసిన చానళ్ళ జాబితా జిరాక్సు తీయించి తెచ్చాను. కోశాధికారిగారి బల్ల మీద ఉన్నాయి, కావలసినవారు తీసుకోండి. మీ రీచార్జి సంగతి తేల్చుకోవాలంటే పాత బిల్లు పట్టుకుని ఏ ఆదివారమైనా మా ఇంటికి రండి. సెలవు.