పొలము గట్టుకు చేరవలసిన విద్య
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయమే మనమందరము పంచాంగ శ్రవణము చేశాము. ఈ ఏడు ఎన్ని కుంచముల వానో, ఏ పంట ఫలించునో విన్నాము. మనలో చాలామందికి ఇప్పుడు అది వినోదము. కైవారములో మిగిలిన మన అన్నదమ్ములకు మాత్రము అది బ్రతుకు. చింతామణి తాలూకాలోని ఆ హోబళికి జీవనది లేదు. వాన, చెరువు, బోరుబావి, ఈ మూడే ఆధారము. అటువంటి చోట రైతుకు సరియైన సమయములో అందిన ఒక మంచి సలహా ఒక వానతో సమానము.

సలహా చెప్పే ఏర్పాటు కొత్తది కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము, మరుసటి సంవత్సరము అదే తేదీన జాతీయ విస్తరణ సేవ మొదలయినవి. గ్రామసేవకులు పల్లెలకు వచ్చారు. 1974లో పుదుచ్చేరిలో దేశములోని మొదటి కృషి విజ్ఞాన కేంద్రము వెలసింది. నేడు చింతామణి దగ్గర కురుబూరులో బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారి కేంద్రమున్నది. 2000 నుంచి హోబళి స్థాయిలో రైతు సంపర్క కేంద్రములు ఏర్పడినవి.

వీటివలన ఒరిగినదేమి అని అడిగేవారున్నారు. రాగినే చూడండి. మండ్యలో లక్ష్మణయ్యగారు మన దేశపు రాగిని ఆఫ్రికా రాగితో సంకరము చేసి ఇండాఫ్ రకములను సృష్టించారు. తరువాత అగ్గి తెగులుకు తట్టుకొనే జి.పి.యు. 28 వచ్చింది. అయితే విత్తనము పుట్టినంత మాత్రాన పొలము చేరదు. విస్తరణ అధికారులు ఒక రైతు పొలములోనే ఒక మడిలో పాత రకము, పక్క మడిలో కొత్త రకము వేయించి, కోతనాడు ఇరుగుపొరుగు వారిని పిలుస్తారు. ఉపన్యాసము అక్కరలేదు. ఎవరి వెన్ను వారు చేత పట్టి చూసుకొంటారు.

నేర్చుకొనుట ఒక వైపే జరుగలేదు. రాగి చేనులో అనుములు, కందులు సాళ్లుగా వేయుట మన పెద్దల పద్ధతే. కన్నడములో దానిని అక్కడి సాలు అంటారు. శాస్త్రవేత్తలు దానిని పరీక్షించి, ఎనిమిది సాళ్ల రాగికి రెండు సాళ్ల కంది అని లెక్క కట్టి తిరిగి రైతుకే ఇచ్చారు. రాగి పోయిన ఏడు కంది నిలుస్తుంది.

మట్టి సంగతీ అంతే. 2009లో ఆరంభమయిన భూచేతన పథకములో కర్ణాటక ప్రభుత్వముతో పటాన్‌చెరువు నుండి ఇక్రిశాట్ వారు కలిసి పనిచేశారు. మెట్ట భూములలో గంధకము, జింకు, బోరాను కొరవడినట్లు భూసార పరీక్షలు తేల్చినవి. ఏటేటా యూరియా చల్లి పంట లేదని వగచిన రైతుకు జబ్బు పేరు అప్పటికి తెలిసింది. ఆ పరీక్షకు కావలసినది పొలములో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు తీసి కలిపిన అరకిలో మట్టి. గట్టు పక్కనా, చెట్టు కిందా, పెంటకుప్ప దగ్గరా తీయరాదు. ఇంతే విద్య.

కాని లోపములు లేవా? ఉన్నవి. శిక్షణకు పోయేది ఎక్కువగా మగవారు. రాగిలో కలుపు తీసేదీ, పట్టుపురుగులకు వేళకు ఆకు వేసేదీ ఆడవారు. వినినవారు ఒకరు, చేసేవారు ఒకరు! ఇక భాష. ఇంట తెలుగు, కాగితము మీద కన్నడము. గాజులమ్మిన కైవార తాతయ్య, నారాయణప్పగారు, తెలుగులోను కన్నడములోను తత్త్వము చెప్పారు. వినేవాని నోటి మాటలో చెప్పితేనే అది మనస్సుకు పట్టునని ఆయన ఎరుగుదురు. ఎరువు చీటీకి కూడ అదే న్యాయము.

అన్నిటికంటె పెద్ద లోపము మనలోనే ఉన్నది. మా ఇంటిలో జరిగినదే చెప్పుతాము. పొలము దున్నేది మా చిన్నాయన. పహణీలో ఉన్నది కాలము చేసిన మా తాతగారి పేరు. మేము ఊరు విడిచి వచ్చినవారము, భాగములు తరువాత చూతమని ఏండ్లు గడిపాము. ఒక ఏడు చిన్నాయన రాయితీ విత్తనముకు వెళ్లితే, పహణీలో మీ పేరు లేదే అన్నారు. వారన్నది నియమమే. ఆయన ఎవరినీ ఏమీ అనక, అంగడిలో పూర్తి ధరకు కొని విత్తారు. మాకు ఉత్తరము ముక్కయినా వ్రాయలేదు. పండుగకు వెళ్లినప్పుడు పిన్ని నోట విన్నాము. ఆనాడు ఆ ఇంటి ముద్ద మా గొంతు దిగలేదు.

నేడు ఫ్రూట్స్ నమోదులో రైతు పేరు, సర్వే నంబరు జతపడితేనే రాయితీలు చేరుతవి. పేరు మనది, చెమట వారిది అయితే ఆ సహాయము ఎవరికీ అందదు. ప్రభుత్వము పొలము గట్టుదాకా తెచ్చిన విద్యను మన బద్ధకము గట్టు మీదనే ఆపుతున్నది.

కనుక ఈ ఉగాదినాడు మా మనవి రెండు మాటలు. పౌతి ఖాతా చేయించని వారు ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక దినము ఎక్కువ ఉండి ఆ పని ముగించండి, సేద్యము చేసేవారి హక్కును కాగితము మీద పెట్టించండి. భూసార పరీక్షా పత్రము వచ్చినప్పుడు దానిని ఫోనులో తెలుగున చదివి వినిపించండి, ముఖ్యముగా ఇంటి ఆడవారికి. అదియును పంచాంగ శ్రవణమే.

మేము మా ఖాతా పని ఆలస్యముగానైనా ముగించాము. చిన్నాయన పేరు పహణీలో చూచి పిన్ని అన్నది ఒకటే మాట: "ఇన్నాళ్లకు గుర్తొచ్చినామా నాయనా?" ఆ మాట మీలో ఎవరూ వినకుందురు గాక.

సెలవు.