జనప్రవాహం – గణితం



పొన్నేరి నుండి చెన్నై చేపాక్ మైదానానికి క్రికెట్ చూడబోయే యువకులు గుమ్మిడిపూండి మార్గపు లోకల్ రైలునే నమ్ముకుంటారు. వెళ్ళేటప్పుడు చిక్కు లేదు. ప్రేక్షకులు రెండు మూడు గంటల వ్యవధిలో కొద్దికొద్దిగా చేరుకుంటారు. ఆట ముగియగానే అందరూ ఒక్కసారే లేస్తారు.

ఆ మైదానంలో సుమారు 38 వేల మందికి చోటున్నది. సమతలమైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్లపై 66 మంది సాగగలరని బ్రిటన్ క్రీడామైదానాల భద్రతా మార్గదర్శక గ్రంథం చెబుతున్నది. ఈ లెక్కన అందరూ ఎనిమిది నిమిషాలలో వెలుపలికి రావాలంటే ద్వారాల మొత్తం వెడల్పు 58 మీటర్లు ఉండాలి. ఎనిమిదవ తరగతి బాలుడు చేయగల భాగహారమే ఇది. మూడు మీటర్ల ద్వారమొకటి తాళం వేసి ఉన్నదనుకుందాం. నిమిషానికి 246 మంది మరొక ద్వారం మీద పడతారు.

అయితే మనుషులు ధాన్యపు బస్తాలు కారు. 1995లో హెల్బింగ్, మోల్నార్ అనే శాస్త్రజ్ఞులు ఒక పద్ధతిని ప్రతిపాదించారు. కంప్యూటరులోని ప్రతి మనిషినీ గమ్యం లాగుతుంది. పక్కవారు, గోడలు దూరంగా నెడతాయి. ఇంతమాత్రం నియమంతోనే, ఎదురెదురుగా వచ్చే రెండు గుంపులు ఎవరూ చెప్పకుండా బారులుగా విడిపోయాయి. చిత్తిరై మాసంలో అగస్త్యేశ్వరస్వామి, కరికృష్ణ పెరుమాళ్ ఎదురయ్యే సంతిప్పు ఉత్సవాన్ని చూచిన పొన్నేరి వారికి ఇది వింతగా తోచదు. 2000లో హెల్బింగ్ బృందం మరొక సంగతి చూపింది: తొందరపడి నెట్టిన కొద్దీ ద్వారం వద్ద జనం కమానువలె బిగిసి, బయటపడడం ఆలస్యమవుతుంది.

చదరపు మీటరుకు ఆరేడుగురు చేరితే మనిషికి తన కాళ్ళపై అధికారం ఉండదు. అనేకులు నిలబడే ఊపిరాడక మరణిస్తారు. వెనుకనున్నవారికి ముందు జరిగేది తెలియదు. తొక్కిసలాట అనే మాట నేరాన్ని జనం కాళ్ళమీద మోపుతున్నది. అది న్యాయం కాదు. ఇంగ్లండులోని హిల్స్‌బరో మైదానంలో 1989లో జరిగిన దుర్ఘటన 97 మందిని బలిగొన్నది. అందులో ప్రేక్షకుల తప్పు లేదని జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది.

2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి మైదానం ద్వారాల వద్ద 11 మంది మరణించారు. లోపలి ఆసనాలు సుమారు 35 వేలు. వచ్చినవారు అంతకు అనేక రెట్లు. ఇటువంటి విజయోత్సవాన్ని ముందుగా కంప్యూటరులో నడిపి చూడవచ్చు. ఒక ద్వారం మూయవచ్చు, రైలును పది నిమిషాలు ఆపవచ్చు, వీధిని ఒకవైపు రాకపోకలకు మార్చవచ్చు. అక్కడ ఎవరి బిడ్డా పోదు.

పరాయి దేశపు అంకెలను యథాతథంగా వాడడం మాత్రం ప్రమాదం. భారతీయుల, జర్మనుల నడకను పోల్చిన పరిశోధన ఒకటి 2009లో వెలువడింది. రద్దీ పెరిగినప్పుడు జర్మనుల వేగం తగ్గినంతగా భారతీయుల వేగం తగ్గలేదు. చేయి పట్టుకొని నడిచే కుటుంబాలను కూడా లెక్కలో చేర్చుకోవాలి.

బెంగుళూరులో ఆనాడు ఉచిత పాసుల గురించి జనంలో గందరగోళం నెలకొన్నది. కాబట్టి ద్వారాల వెడల్పుతో పాటు, ప్రకటన ఎవరు, ఎప్పుడు, ఏయే భాషలలో చేయాలో కూడా ముందురోజే నిర్ణయించుకోవలసి ఉన్నది.