ఎనిమిది వారాల కారు

ఈవారం కబుర్లలో ఎలక్ట్రిక్ కారు గురించి మాట్లాడతానంటే మా ఆవిడ నవ్వింది. "కారు గురించా, కారు రాకపోవడం గురించా?" అని అడిగింది. రెండోదాని గురించేనండీ. కారు ఎలా ఉందో చెప్పడానికి కంపెనీవాళ్ళు ఎలాగూ ఉన్నారు. డబ్బు కట్టిన రోజుకీ తాళాలు చేతికొచ్చిన రోజుకీ మధ్య ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. అది ఈ పావుగంటలో చెబుతాను.

మేం షార్జాలో ఉంటాం. నా ఆఫీసు దుబాయి ఇంటర్నెట్ సిటీలో. పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ పడ్డ వాన మీకు గుర్తుండే ఉంటుంది. ఈ దేశంలో 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వాన ఎప్పుడూ పడలేదన్నారు. అల్ ఐన్ దగ్గర ఖతమ్ అల్ షక్లాలో ఇరవైనాలుగు గంటల లోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వానకి బేస్‌మెంటులో ఉన్న మా పాత కారు సీట్లదాకా మునిగిపోయింది. ఇన్సూరెన్సు పూర్తిస్థాయిది కాబట్టి ఆరు వారాలకి ముప్ఫై ఎనిమిది వేల దిర్హాములు చేతికొచ్చాయి. అప్పటిదాకా నెలకి పందొమ్మిది వందలకి అద్దె కారు తిప్పాం.

కొత్తది ఎలక్ట్రిక్ కొనాలనుకున్నాం. ఇది కొత్త మోజేమీ కాదు. దుబాయిలో దేవా సంస్థ 'గ్రీన్ చార్జర్' పథకం మొదలుపెట్టింది 2014లో. టెస్లా ఇక్కడ అమ్మకాలు మొదలుపెట్టింది 2017లో. 2021 ఆఖరుదాకా దుబాయిలో సొంత వాడకానికి నమోదు చేసుకున్నవాళ్ళకి దేవా చార్జర్ల దగ్గర కరెంటు ఉచితం కూడా. ఆ రోజులు అయిపోయాయి. ఇప్పుడు లెక్క చూసుకునే కొనాలి. మా లెక్క చెబుతాను, పెన్నూ కాగితం దగ్గరుంటే రాసుకోండి.

ఏసీ వేసుకుని ఎనభై కిలోమీటర్లు వెళ్ళి రావడానికి సుమారు పదిహేను యూనిట్లు ఖర్చవుతాయి. 2025 మొదట్లో యూఏఈవీ అనే ప్రభుత్వ చార్జింగు సంస్థ ప్రకటించిన ధర ఫాస్ట్ చార్జరుకి యూనిట్‌కి ఒక దిర్హాము ఇరవై ఫిల్సులు, నెమ్మదిగా ఎక్కే దానికి డెబ్బై ఫిల్సులు. పైన అయిదు శాతం వ్యాట్. అంటే ఫాస్ట్ చార్జరు దగ్గర రోజుకి దాదాపు పందొమ్మిది దిర్హాములు. అదే దూరానికి మా పాత కారుకి ఆరు లీటర్ల లోపు పెట్రోలు పట్టేది. 2025లో లీటరు రెండు దిర్హాముల అరవై, డెబ్బై ఫిల్సుల దగ్గర తిరిగింది. ఆ లెక్కన పదిహేను దిర్హాములు. విన్నారుగా! 2025 ధరల్లో రోజూ బయట ఫాస్ట్ చార్జరు మీదే ఆధారపడితే పెట్రోలు కంటే ఎక్కువే అయ్యేది. ఇంటి దగ్గర ప్లగ్గు ఉంటేనే ఆదా. కాబట్టి కారు షోరూముకి వెళ్ళే ముందు బిల్డింగు ఓనరు దగ్గరికి వెళ్ళండి.

మేం అదే చేశాం. మొదటి అంతస్తు పార్కింగులో మా ఫ్లాటు మీటరు నుంచి ఒక లైను లాగుకోవడానికి ఓనరు కాగితం మీద అనుమతి ఇచ్చాడు. మామూలు మూడు పిన్నుల సాకెట్టే. పది ఆంపియర్లు, 230 వోల్టులు అంటే గంటకి రెండు యూనిట్ల పైచిలుకు. రాత్రి ఏడెనిమిది గంటలు పెట్టి ఉంచితే మర్నాటికి సరిపోతుంది. పెద్ద చార్జరు అక్కర్లేదు.

జూన్ 8న షోరూములో అయిదు వేల దిర్హాములు కట్టి బుక్ చేశాం. కంపెనీ పేరు చెప్పను, ఇక్కడ పేరుతో పని లేదు. కారు తయారయ్యేది చైనాలో. సేల్స్ కుర్రాడు మర్యాదస్తుడు, "ఎనిమిది వారాలు సార్" అన్నాడు. నేను తలూపాను. మా ఆవిడ ఒక కంపెనీలో అకౌంట్లు చూస్తుంది, ఆవిడ తలూపలేదు. "ఆ మాట ఫారం మీద రాయండి" అంది. వ్యాట్‌తో కలిపి మొత్తం ధర, మోడల్ సంవత్సరం, డెలివరీ గడువు, తొంభై రోజుల్లో కారు రాకపోతే కట్టిన డబ్బంతా వెనక్కి. ఈ నాలుగూ రాయించి, మేనేజరు చేత ముద్ర కొట్టించాకే కార్డు ఇచ్చింది. ఆ కుర్రాడు నావైపు జాలిగా చూశాడు.

ఇక ఎదురుచూపులు మొదలయ్యాయి. మా అబ్బాయి కారుకి పేరు పెట్టేశాడు. నేను మ్యాట్లూ, అద్దానికి ఎండ తెరా కొనేశాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కారు లేని ఇంట్లో కారు సామాను ఒక అలమర నిండింది.

ఎనిమిది వారాలు గడిచాయి. కారు ఫ్యాక్టరీలోనే ఉందన్నారు. పదో వారం ఓడ ఎక్కిందన్నారు. పన్నెండో వారం ఫోన్ చేస్తే "ఎర్ర సముద్రంలో గొడవల వల్ల ఆలస్యం సార్" అన్నాడు. మా అబ్బాయి నాలుగో తరగతి. స్కూలు అట్లాస్ తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. షాంఘై దగ్గర వేలు పెట్టి, మలక్కా జలసంధి దాటించి, శ్రీలంక కింద నుంచి అరేబియా సముద్రంలోకి తెచ్చి, హోర్ముజ్ గుండా జెబెల్ అలీకి చేర్చాడు. "ఎర్ర సముద్రం ఆ పక్కనెక్కడో ఉంది కదా నాన్నా, మన కారు అటెందుకు వెళ్ళింది?" అన్నాడు.

కుర్రాడి మాట పూర్తిగా అబద్ధమని కూడా అనలేం లెండి. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి యూరప్‌కి వెళ్ళాల్సి వచ్చింది. ఒక్కో ప్రయాణానికి రోజులు పెరిగితే ఉన్న ఓడలు చాలవు. ఓడలు చాలకపోతే అటు వెళ్ళని సరుకు కూడా రేవులో ఆగుతుంది. కాకపోతే ఆ సంగతి అలా విడమరచి చెబితే మేమూ అర్థం చేసుకునేవాళ్ళం.

ఇంట్లో మాత్రం నవ్వులు తగ్గాయి. సెప్టెంబరు మొదటి వారంలో తొంభై రోజులు పూర్తయ్యాయి. అదే వారం మా క్లయింటు ప్రాజెక్టు ఖర్చులు తగ్గించుకుంటున్నానని కబురు పంపాడు. నా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అక్టోబరు ఆఖరుకి గానీ తేలదన్నారు. ఈ దేశంలో ఉద్యోగం అంటే జీతం ఒక్కటే కాదని గల్ఫ్ శ్రోతలకి నేను చెప్పనక్కర్లేదు. వీసా దానితోనే, ఆవిడ వీసా, పిల్లాడి వీసా నా వీసాతోనే. ఉద్యోగం పోతే గడువు కొంత ఇస్తారు, అది నెలల్లో లెక్క. కారు అప్పు సంవత్సరాల్లో లెక్క.

ఇక్కడి సెంట్రల్ బ్యాంకు నియమం ప్రకారం కారు విలువలో ఎనభై శాతం దాకా, అరవై నెలల దాకా అప్పు ఇవ్వొచ్చు. మా కారు లక్షా నలభై అయిదు వేలు. లక్షా పదహారు వేల అప్పుకి బ్యాంకు అయిదేళ్ళ కాగితాలు సిద్ధం చేసి పెట్టింది. నెలకి రెండు వేల పైచిలుకు, చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ అప్పు తీరేదాకా ముల్కియా మీద బ్యాంకు పేరు ఉంటుంది. బ్యాంకు ఒప్పుకోనిదే అమ్మలేం, దేశం దాటించలేం. 2008, 2009 మాంద్యంలో దుబాయి ఎయిర్‌పోర్టు పార్కింగులో కార్లు వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళ కథలు మనం వినే ఉన్నాం. వాళ్ళంతా మోసగాళ్ళు కారండీ. వీసా గడువు కంటే పొడవైన అప్పు చేసినవాళ్ళు.

ఆర్డరు రద్దు చేసి డబ్బు వెనక్కి తీసుకోవాలా, ఆగాలా? ఆ రాత్రి తెనాలిలో ఉన్న నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన కరెంటు బోర్డులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అంతా విని, "నేను చేతక్ స్కూటరుకి డబ్బు కట్టిన ఏడేళ్ళకి వచ్చిందిరా" అన్నారు. నేను పుట్టకముందు బుక్ చేశారట, నన్ను ముందు నిలబెట్టుకుని నడిపారట. దుబాయి నుంచి డాలర్లు పంపే బంధువులున్న వాళ్ళకి ముందు వచ్చేదట. "ఇప్పుడు నువ్వే దుబాయిలో ఉండి ఎదురుచూస్తున్నావు" అని నవ్వారు.

తరవాత ఒక ప్రశ్న అడిగారు. "కారు రానన్నాళ్ళూ నువ్వు ఎవరికైనా బాకీ ఉన్నావా?"

లేను. కారు రిజిస్ట్రేషన్ రోజుదాకా బ్యాంకు ఒక్క ఫిల్స్ కూడా విడుదల చేయదు. బుకింగు డబ్బు ఎప్పుడడిగినా తిరిగి ఇవ్వాలని కాగితం ఉంది. "మరైతే కారు రాలేదని ఎందుకురా బెంగ? వచ్చిన రోజున పడాలి గానీ" అన్నారు.

ఆయన అన్నది నిజమే. మేం గండం అనుకున్న రోజులే మాకు వెసులుబాటు ఇచ్చిన రోజులు. మర్నాడు నేనూ మా ఆవిడా కూర్చుని రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఒకటి, ఆర్డరు ఉంచడం, కాంట్రాక్టు సంగతి తేలాకే సంతకం పెట్టడం. రెండు, అప్పు వీసా కంటే పొడవు ఉండకూడదు. ఈ రెండోది ఊరికే రాలేదు. గుంటూరు దగ్గర స్థలానికని నలభై అయిదు వేలు కూడబెట్టాం. అది కారుకి మళ్ళించాలి. మా ఆవిడ ఒక రోజంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, "స్థలం ఎక్కడికీ పోదు. అప్పుతో మనం ఎక్కడికీ పోలేం" అంది. ఇన్సూరెన్సు డబ్బూ ఇదీ కలిపితే ఎనభై మూడు వేలు. మిగిలిన అరవై రెండు వేలకి ఇరవై నాలుగు నెలల అప్పు.

అక్టోబరు 28న కాంట్రాక్టు ఒక ఏడాది పొడిగించారు. నవంబరు 16న, అంటే ఇరవై మూడో వారంలో కారు వచ్చింది. మాటిచ్చిన ఎనిమిది వారాలు దాటాక కట్టిన అద్దె ఆరు వేల ఆరు వందల పైచిలుకు. రోజుకి పది దిర్హాముల పెట్రోలు ఆదా అనుకుంటే, రెండున్నరేళ్ళ ఆదా కారు రాకముందే ఖర్చయిపోయిందన్నమాట. ఆ కాగితం చూపించి మా ఆవిడ మొదటి రెండు సర్వీసులూ ఉచితంగా రాయించుకుంది. ఈసారి ఆ కుర్రాడు జాలిగా చూడలేదు, కుర్చీ వేశాడు.

తాళాలు తీసుకునే రోజు ఏం చూసుకోవాలో చెబుతాను. పగటి వెలుగులో వెళ్ళండి. ఫారంలో రాసిన మోడల్ సంవత్సరమే ఉందా చూడండి, ఏడాది ఆఖరున వచ్చే కారుకి అమ్మకం ధరలో అదే పెద్ద తేడా. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తరవాతవి సంవత్సరం. కారు గల్ఫ్ దేశాల కోసం తయారైనదేనా, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్ళు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతం కంటే తగ్గితే మారుస్తారు అనేవి కాగితం మీద తీసుకోండి. ఇక్కడి ఎండలకి బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఎలాంటిదో కూడా అడగండి. చార్జింగు తీగ అక్కడే ఒకసారి పెట్టి చూడండి.

ఇండియాలో అమ్మానాన్నల కోసం కొనే శ్రోతలకీ ఇవే మాటలు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపుని 2026 డిసెంబరు ఆఖరుదాకా ప్రకటించింది. అలాంటి గడువులు రిజిస్ట్రేషన్ తేదీకే గానీ బుకింగు తేదీకి కావని లెక్కలో ఉంచుకోండి. కారు ఆలస్యమైతే మినహాయింపు దాటిపోవచ్చు.

నాన్నగారికి వీడియోలో కారు చూపించాను. రంగు అడగలేదు, ధర అడగలేదు. "సాకెట్టుకి ఎర్తింగు సరిగా ఉందా? ఎవరు చూశారు?" అన్నారు. ఎలక్ట్రీషియన్ని పిలిపించి మళ్ళీ చూపించాం. ఎర్తింగు వదులుగానే ఉంది, బిగించి వెళ్ళాడు. వానలో కరెంటు కారు ప్రమాదం కాదా అని కూడా అడిగారు. బ్యాటరీ నీళ్ళు చొరకుండా మూసే ఉంటుంది, అయినా నిలిచిన నీళ్ళలోకి ఏ కారునీ దించకూడదు, మునిగితే మెకానిక్కు చూడకుండా చార్జింగు పెట్టకూడదు అని చెప్పాను. అప్పుడు గానీ ఆయన సరేననలేదు.

కాబట్టి కారు బుక్ చేయబోయేవాళ్ళు ముందు ప్లగ్గు చూసుకోండి. ప్రతి మాటా కాగితం మీద తీసుకోండి. అప్పు వీసా దాటకుండా చూసుకోండి. ఈ మూడూ కుదిరాక కారు ఎన్ని వారాలు ఆలస్యమైనా ఇంట్లో నిద్ర పడుతుంది.