రేడియేటరు మూత

వేసవిలో కొండదారి ప్రక్కన కారు నిలిపి, బానెటు పైకెత్తి, నలుగురు దాని చుట్టును దిగులుగా నిలుచుండుట శ్రోతలు చూచియే యుందురు. అట్టి దృశ్యము కంటబడినపుడెల్ల మేము చేతులు వెనుకకు కట్టుకొందుము. ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు.

1990 వేసవి సెలవులలో మా కుటుంబము గుంటూరునుండి శ్రీశైలమునకు బయలుదేరెను. అప్పటికి మాకు తొమ్మిదేండ్లు. బాబాయి అంబాసిడరు కారులో పిన్నపెద్దలము ఎనమండుగురము. ఆ కారులో ముందు సీటు బల్లవలె ఒక్కటిగా నుండుటయు, గేరు స్టీరింగు ప్రక్కనే యుండుటయు మావంటి కుటుంబములకు వరము. నాయనమ్మ ఒడిలో ఇత్తడి మరచెంబు. దాని మూత త్రిప్పి అడిగినవారికి నీళ్ళందించు ఉద్యోగము మాది. మూతల విషయమున మాకు కలిగిన అహంకారమునకు ఆ చెంబే మూలమని ఇప్పుడు తోచుచున్నది.

నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకము దాటి దోర్నాల చేరుసరికి మధ్యాహ్నము రెండు గంటలైనది. అక్కడినుండి నల్లమల అడవి, ఘాటు రోడ్డు. బండి నిండ బరువు, ముందు ఎక్కుడు. ఇంజనుకు పని పెరిగినది, వేగము తగ్గుటచే రేడియేటరునకు గాలి తగ్గినది. ఏడెనిమిది మలుపులు తిరుగుసరికి బానెటు సందులనుండి ఆవిరి మొదలయ్యెను. బాబాయి బండి నిలిపి, బానెటెత్తి, "వేడి తగ్గేదాకా ఆ మూత జోలికి ఎవరూ పోకండి" అని చెప్పి, చక్రములకు అడ్డుగా రాళ్ళు పెట్టుటకై వెనుకకు పోయెను.

మేము మరచెంబు తుడుచు గుడ్డను నాలుగు మడతలు వేసి ఆ మూతపై నుంచి త్రిప్పితిమి. ఎందుకనగా చెప్పలేము. పెద్దలు నీళ్ళు పోయవలెనని అనుకొనుచుండిరి. మూత తీయు ఉద్యోగము మాదే కదా!

రేడియేటరు మూత చెంబు మూత వంటిది కాదు. దాని లోపల స్ప్రింగు కలదు. అది ఆవిరిని అణచిపట్టి ఒత్తిడి పెంచుటచే లోపలి నీరు నూరు డిగ్రీలు దాటినను మరుగక నిలుచును. వంటింటి ప్రెషర్ కుక్కరు ధర్మమే ఇదియును. పొయ్యి మీద నున్న కుక్కరు మూత బలవంతముగా తీయరాదని ఎరుగని గృహిణి లేదు. మూత వదలగానే ఒత్తిడి పడిపోవును. అంతవరకు అణగియున్న నీరు ఒక్క పెట్టున మరిగి పైకి చిమ్మును.

గుడ్డ క్రింద బుసమను చప్పుడు వినబడినది. మరుక్షణము మా చొక్కా కాలరు పట్టి ఎవరో వెనుకకు విసరివైచిరి. లేచి చూచుసరికి బాబాయి కుడిచేయి మణికట్టునుండి మోచేతివరకు ఎఱ్ఱగా కమిలియున్నది. మాపై ఒక్క చుక్కయు పడలేదు.

డిక్కీలో ఒక్క డబ్బా నీరున్నది. అమ్మ దానిని తీసికొని రాగా బాబాయి వారించెను.

"వద్దు వదినా, ఆ నీళ్ళు ఇంజనుకు. చీకటి పడితే ఈ అడవిలో చిక్కుకుపోతాం."

"ఇంజను పోతే బస్సెక్కుతాం. చెయ్యి పోతే ఏం ఎక్కుతాం?" అని అమ్మ ఆ డబ్బెడు నీళ్ళును సన్నని ధారగా అతని చేతిపై పోసెను. నాయనమ్మ పూజసంచినుండి పసుపు తీసెను గాని అమ్మ పూయనీయలేదు. కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీటిధార పట్టవలెననియు, పసుపు, సిరా, టూత్‌పేస్టు వంటివి పూయరాదనియు వైద్యులు చెప్పుదురు. అమ్మ ఏ వైద్యుని అడిగి చేయలేదు.

"మూత ఎవరు తీశారు?" అని నాన్న అడిగెను. నాన్న కంఠములోని ఆ స్వరమును మేమెరుగుదుము. బాబాయి మావైపు చూడనైనను చూడలేదు. "దానంతటదే లేచింది అన్నయ్యా. స్ప్రింగు పాతది" అనెను. మేము మడతలు వేసిన గుడ్డ బానెటు క్రింద తడిసి పడియుండెను. మేము నోరు విప్పలేదు.

అరగంటకు ఒక ఆర్టీసీ బస్సు వచ్చి ఆగెను. డ్రైవరు రెండు డబ్బాల నీళ్ళిచ్చి, కాగిన ఇంజనులో చన్నీళ్ళు ఒక్కసారి కుమ్మరించిన లోహము పగులునని హెచ్చరించి, మరికొంతసేపు ఆగి, తానే దగ్గరనుండి కొంచెము కొంచెముగా పోయించెను. బస్సులోని వారెవరును విసుగుకొనలేదు. పిమ్మట నాన్న కారు నడిపెను. ఘాటులో నడుపుట ఆయనకదే మొదలు, బహుశః తుదియు నదియే. బాబాయి ప్రక్కన కూర్చుండి, తడిగుడ్డ చుట్టిన చేతిని ఒడిలో పెట్టుకొని, ప్రతి మలుపునకును గేరు చెప్పుచు వచ్చెను. చీకటి పడకమునుపే శ్రీశైలము చేరి కట్టు కట్టించితిమి.

మరునాడు శిఖరేశ్వరమునకు పోయితిమి. సముద్రమట్టమునకు 2,830 అడుగుల ఎత్తున నున్న స్థలమది. నంది కొమ్ముల నడుమనుండి దూరమున గుడి గోపురము కనబడినవారికి పునర్జన్మ లేదని నాయనమ్మ అందరిని వరుసగా వంగి చూడుమనెను. మా వంతు రాగా వంగితిమి. కన్ను మూసికొని, కనబడినదని చెప్పితిమి.

బాబాయి చేతిపై మచ్చ నిలిచిపోయెను. ఆ మూత మాట మేమెత్తలేదు, అతడును ఎత్తలేదు. 2014 మేనెలలో ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరు తయారీ నిలిచిపోయెనని వార్త వెలువడెను. ఆనాటి సాయంకాలము బాబాయి ఫోను చేసెను.

"మన బండి వార్త విన్నాన్రా. అన్నీ చెప్పారు గానీ, మూత ఎవరు తీశారో చెప్పలేదేం?"

మాకు మాట పెగలలేదు. అటువైపు నవ్వు మాత్రము వినబడుచుండెను. అమ్మకు నేటివరకు తెలియదు. ఆమె వంటింటి రేడియో ఈ వేళకు మ్రోగుచునే యుండును.