కుక్క చెప్పలేనిది కార్డు చెబుతుంది



డోర్నకల్ పెద్ద జంక్షన్. కొత్తగూడెం పోయే లైను ఇక్కడే చీలుతుంది. జంక్షన్ అంటే జనం. జనం ఉన్నచోట తిండి పొట్లాలు పడతాయి. పొట్లాలు పడ్డచోట కుక్కలు చేరతాయి. ఏ స్టేషన్లోనైనా ఇంతే. కొందరు అయ్యో పాపం అని బిస్కెట్ ముక్క వేస్తారు. కొందరు కట్టె పట్టుకుని తరుముతారు. రెండూ మనం చూసినవే.

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో తిరిగే వీధికుక్కలను పట్టుకోవాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, షెల్టర్లలో ఉంచాలి. తిరిగి అక్కడే వదలకూడదు. ఇదీ ఆదేశం.

షెల్టరు అంటే దిక్కులేని జంతువులకు ఆశ్రయం. నాలుగు గోడలు కట్టి పైన రేకులు వేస్తే షెల్టరు అయిపోతుందా? కాదు. లోపల పని తెలిసిన చేతులు ఉండాలి. ఆ చేతుల సంగతి చెప్పుకుందాం.

హైదరాబాదులో బ్లూ క్రాస్ అనే సంస్థ ఉంది. దాన్ని 1992లో అక్కినేని అమల స్థాపించారు. దెబ్బ తగిలిన జంతువులకు అక్కడ వైద్యం చేస్తారు. వీధికుక్కలకు ఆపరేషన్లు చేస్తారు, టీకాలు వేస్తారు. ఇలాంటి చోట డాక్టరు ఒక్కరే అన్నీ చేయలేరు. పక్కన సహాయకులు ఉంటారు. పశువుల దవాఖానలో కాంపౌండరు ఉంటాడు కదా, ఆ తీరు పని అన్నమాట.

సహాయకురాలి పని పొద్దున్నే మొదలవుతుంది. ఒక్కో గూడు ముందు ఆగి చూస్తుంది. రాత్రి పెట్టిన అన్నం తిన్నదా? నీళ్లు తాగిందా? విరేచనం పలచగా ఉందా? కాలు కుంటుతున్నదా? మనిషికి కడుపు నొస్తే నొస్తుందని చెబుతాడు. కుక్క చెప్పలేదు. చూసినవాళ్లే కనిపెట్టాలి. కనిపెట్టింది కార్డు మీద రాయాలి.

జ్వరం కూడా చూస్తుంది. మనకు 102 డిగ్రీలు ఉంటే జ్వరం. కుక్కకు 102 ఉంటే జ్వరం కాదు. దాని ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102న్నర దాకా ఉంటుంది. ఇది తెలియకపోతే లేని జబ్బుకు మందు పోస్తారు.

ఆపరేషన్ రోజు ముందుగా కుక్కను తూకం వేస్తారు. ఎందుకంటే మత్తుమందు బరువును బట్టి ఇస్తారు. కార్డు మీద డాక్టరు 1.0 అని రాశారనుకోండి. మధ్యలో చుక్క చూడకుండా 10 అని చదివితే ఏమవుతుంది? పది మోతాదులు ఒక్కసారే ఎక్కుతాయి. కుక్క మళ్లీ లేవదు. ఒక్క చుక్కలో ప్రాణం ఉంది!

కత్తి పట్టేది డాక్టరే. సహాయకురాలు ఊపిరి చూస్తుంది, నాలుక రంగు చూస్తుంది. గులాబీ రంగులో ఉంటే మంచిది. తెల్లబడినా, నీలంగా మారినా వెంటనే చెప్పాలి. ఆపరేషన్ అయిన కుక్కకు గుర్తుగా చెవి కొన కత్తిరిస్తారు. మెలకువ వచ్చేదాకా వెచ్చగా ఉంచుతారు.

కుక్కపిల్లలకు పార్వో అనే జబ్బు వస్తుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు అవుతాయి. దాని క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది. చెప్పుల వెంట, చేతుల వెంట పక్క గూటికి పోతుంది. అందుకే జబ్బు పిల్లల గూడు చివర్లో కడగాలి. ముందే కడిగి, అవే చెప్పులతో తిరిగితే మంచి పిల్లలు కూడా పోతాయి.

ఇక అసలు భయం రేబిస్. లక్షణాలు కనబడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. అందుకే ఈ పనివాళ్లు ముందుగానే తాము టీకాలు వేయించుకోవాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. మంత్రాలకు పోకూడదు. సర్కారు దవాఖానకు పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదులు అని ఇంకా భయపడేవాళ్లున్నారు. ఆ మందు మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు టీకా చేతికే వేస్తారు. డాక్టరు చెప్పిన తేదీల్లో అన్నీ వేయించుకోవాలి.

కరిచిన కుక్కను 10 రోజులు విడిగా ఉంచి చూస్తారు. తిన్నదా, తాగిందా, నడక మారిందా అని ఏ రోజుకారోజు కార్డు మీద రాస్తారు. ఒక్క రోజు రాయకపోయినా ఆ కార్డును నమ్మలేం. అయితే 10 రోజులు చూద్దాంలే అని మనిషి టీకా ఆపకూడదు.

ఈ పనికి చదువు ఉంది. పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేయవచ్చు. వరంగల్ దగ్గర మామునూరులో అలాంటి పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా లేనివాళ్లు కూడా షెల్టరులో గూళ్లు కడుగుతారు, అన్నం పెడతారు. వాళ్లకూ కార్డు చదవడం రావాలి. "ఆపరేషన్ ఉంది, అన్నం పెట్టవద్దు" అని రాసి ఉంటుంది. అది చదవక అన్నం పెడితే, మత్తులో వాంతి చేసుకుని కుక్క ఊపిరాడక చావవచ్చు.

డోర్నకల్ 2018లో మున్సిపాలిటీ అయింది. వీధికుక్కల ఆపరేషన్లు, టీకాలు చూడవలసింది మున్సిపాలిటీలే. కాబట్టి కుక్కలను ఎప్పుడు తీసుకుపోతారని అడగడంతో ఊరుకోవద్దు. అక్కడ వాటిని చూసేవాళ్లు ఎవరు, వాళ్లకు పని నేర్పారా, టీకాలు వేశారా అని కూడా అడగండి.

మీ ఇంట్లో కుక్క ఉందా? మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా వేయించాలి. ఈ రాత్రే దాని టీకా కార్డు తీయండి. తేదీ మీరే చదవండి. గడువు దాటిపోతే రేపు పొద్దున్నే పశువుల దవాఖానకు తోలుకుపోండి.