కత్తికి పదును

1953లో అమెరికా వాణిజ్య నౌకలో పనిచేయుచుండిన బాబ్ లవ్‌లెస్ అను యువకుడు న్యూయార్కులోని ఒక పెద్ద దుకాణమునకు పోయి, రాండాల్ చేసిన వేటకత్తి కావలెనని అడిగెను. తొమ్మిది నెలలు ఆగవలెనని వారు చెప్పిరి. ఓడ అంతకాలము ఆగదు గదా! ఆయన పాతసామానుల దొడ్డిలో 1937 నాటి పాకార్డు కారు కమాను పట్టీ ముక్కను సంపాదించి, ఓడ వంటగదిలోని నూనెపొయ్యి మీద కాచి, తన కత్తిని తానే చేసికొనెను. అట్లు మొదలిడినవాడు ఆ దేశపు కత్తుల శిల్పులలో అగ్రగణ్యుడై 2010లో కీర్తిశేషుడాయెను.

ఆ రాండాల్ కథయు ఇట్టిదే. 1930వ దశకమున మిషిగన్ రాష్ట్రములో ఒక సరస్సు ఒడ్డున ఎవరో పడవకు అంటిన పాతరంగును కత్తితో గీకుచుండగా ఆయన చూచెను. అంత మొరటుపనికి వాడినను ఆ కత్తి అంచు చెడలేదు. అది విలియం స్కేగెల్ అను శిల్పి చేతి కత్తి. రాండాల్ దానిని సంపాదించి, అటువంటిదే తానును చేయవలెనని పూనుకొనెను.

రంగు గీకినను అంచు ఏల చెడలేదు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినవానికి కత్తి చేయుట తెలిసినట్లే. మన భాషలో ‘పదును’ అను మాట మిక్కిలి లోతైనది. సానపట్టిన అంచు వాడిని పదును అందుము. వానకు తడిసి దుక్కికి సిద్ధమైన నేలకు పదును వచ్చినదందుము. ఉక్కును కాచి ముంచి తగిన పాకమునకు తెచ్చుటయు పదునే. ఇందు మొదటిది కంటికి కనబడును. పాకపు పదును కనబడదు. రెండు కత్తులు తళతళలాడుచు ఒక్కతీరున ఉండవచ్చును. అడవిలో పనిబడిన దినమున ఒకటి నిలుచును, ఒకటి పుటుక్కున విరుగును.

వేటమాట వినగానే శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట ముగిసినది, ముగియుటయు మంచిదే. మన ఇండ్లలో ఇట్టి కత్తి తాడు కోయుటకు, కొమ్మ చెక్కుటకు, తోటపనికి ఉపకరించును. అయినను వేటకత్తి ఆకృతిలోని వివేకము నేర్వదగినది. లవ్‌లెస్ ప్రచారమునకు తెచ్చిన అలుగులో మొన వెన్నుగీతకంటె కొంచెము క్రిందికి వాలియుండును. వేటాడిన మృగము చర్మము ఒలుచునప్పుడు మొన లోపలి ప్రేగులకు తగిలి మాంసము పాడుకాకుండుటకే ఆ వాలు. అలుగు నాలుగంగుళములున్న చాలును. సినిమా కత్తుల పొడవు చూచి మోసపోరాదు.

ఉక్కు మాటకు వత్తము. మన పల్లెలలో కమ్మరులు కొడవళ్ళకు లారీ కమాను పట్టీలనే కోరుదురు. కారణమేమనగా, అందు నూటికి సుమారు 0.6 పాళ్ళు కర్బనము కలదు. మేకులకు, ఊచలకు వాడు మెత్తని ఇనుములో అది బహుస్వల్పము. దానిని ఎన్నిమార్లు కాచి ముంచినను అంచు నిలువదు. కాని చిరకాలము బరువు మోసిన పట్టీలో కంటికందని పగుళ్ళుండవచ్చును గనుక, వాడని ముక్క దొరికినచో అదియే మేలు. జింకు పూత గలదానిని మాత్రము కొలిమిలో పెట్టరాదు. ఆ పొగ జ్వరము తెచ్చును. తుప్పుపట్టని ఉక్కుపై మోజు గలవారు కొంత ఓర్చుకొనవలెను. దానికి వేయి డిగ్రీలకు పైబడిన వేడియు, దానిని నికరముగా నిలుపు కొలిమియు కావలెను. అది ఇంటిపని కాదు.

మంచి ఉక్కు ఒక్కటియే చాలదనుటకు మన తెలంగాణమే సాక్షి. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మట్టిమూసలలో కరగించిన ఉక్కు కొరకు పారశీక వర్తకులు వచ్చెడివారు. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూగర్భ పరిశోధకుడుగాను ఉండిన హెన్రీ వాయ్సీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో అచ్చయినది. మన మూస ఉక్కులో కర్బనము మిక్కుటము. ఐరోపా కమ్మరులు తమకలవాటైన తెల్లని వేడిలో దానిని కొట్టగా అది సుత్తిక్రింద చిట్లి ముక్కలయ్యెడిది. ఎర్రదనము మించనీయక ఓర్పుతో కొట్టినవారికే అది లొంగినది.

ఇంక పని. పట్టీని ఎర్రగా కాచి, దాగలిపై వంపు తీసి, బూడిదలో పూడ్చి రాత్రియంతయు చల్లారనీయవలెను. మెత్తబడిన పిమ్మట రంపముతో కోసి, ఆకురాయితో అరగదీసి రూపము తేవలెను. ఇది కొన్ని దినముల పని. ఓపికకు మించిన రహస్యమేదియు ఇందు లేదు. ఒక్క జాగ్రత్త కలదు: అంచును ఇప్పుడే పలుచన చేయరాదు. సుమారు ఒక మిల్లీమీటరు మందము ఉంచవలెను. లేనియెడల ముంచునప్పుడు అంచు పగులును, లేదా మెలికపడును.

తరువాత బొగ్గుల కొలిమి. సాయంసంధ్యవేళ, చీకటిమూలన ఈ పని చేయుట మేలు. ఎండలో ఎర్రదనము మోసగించును. అలుగు కాగుచుండగా నడుమనడుమ అయస్కాంతమునకు తాకించి చూడవలెను. సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉక్కును అయస్కాంతము అంటుట మానును. అటుపై ఇంకొక్క ఛాయ ఎరుపు ఎక్కనిచ్చి, గోరువెచ్చనను మించి కాగిన వేరుశెనగ నూనెలో మొన ముందుగా నిలువున ముంచవలెను. ప్రక్కకు ఊపరాదు, అలుగు వంగును. నూనె భగ్గుమనవచ్చును. ఇనుప పాత్రయు, దానికి సరిపడు మూతయు సిద్ధముగా ఉండవలెను. ఆ మంటపై నీరు పోసినచో మంట మీదికి వచ్చును. పిల్లలను ఆ దరికి రానీయరాదు.

ఆ క్షణమున లోపల జరుగునదేమి? ఎర్రగా కాగిన ఉక్కులో కర్బనము ఇనుముతో కరగి కలిసియుండును. మెల్లగా చల్లారినచో అది తీరికగా వేరుపడును, ఉక్కు మెత్తనగును. ఒక్కసారిగా చల్లార్చినచో వెలికి రాలేక ఇనుప కణముల నడుమ చిక్కుకొనును. ఆ ఇరుకుచేత ఉక్కు బిగుసుకొనును. ఇప్పుడు ఆకురాయితో గీచినచో గాజుమీదవలె జారిపోవును. సంతోషింపవచ్చును గాని, అలుగు గాజువలెనే పెళుసైనదని మరువరాదు. బండపై జారవిడిచిన రెండు ముక్కలు కావచ్చును.

అందుచేత ఆలసింపక మరల కాచవలెను. అలుగును ఒకవైపు తోమి తళతళ చేసి, ఎర్రగా కాగిన ఒక దళసరి ఇనుపకడ్డీపై వెన్నును ఆనించి పట్టుకొనవలెను. వేడి వెన్నునుండి అంచువైపు ప్రాకును; దానితోపాటు రంగులు నడచును. ముందుగా లేత ఎండుగడ్డి రంగు, వెనుక ముదురుగడ్డి రంగు, ఆపై గోధుమవన్నె, ఊదా, నీలము. గడ్డిరంగు సుమారు 220 డిగ్రీలకు, నీలము 300 డిగ్రీలకు గుర్తు. ఏ ఉష్ణమాపకమును లేని కాలమున కమ్మరి చదివిన లిపి ఇదియే. ముదురుగడ్డి రంగు అంచును చేరిన లిప్తలో నీట ముంచినచో, అంచు గట్టిగాను, వెన్ను నీలమై వంగి నిలుచు ఓర్పుతోను అమరును. రొట్టెలు కాల్చు విద్యుత్ పొయ్యి ఉన్నవారు 200 డిగ్రీలలో రెండేసి గంటలు రెండుమార్లు ఉంచుట సులువు, ఫలితమును నమ్మదగినది. రంగుల నడక చూచు ఆనందము మాత్రము అందులేదు.

పిడికి తుమ్మగాని, జిట్రేగిగాని చాలును. జింకకొమ్ము పిడులకు నేటి చట్టము సమ్మతింపదు. సానపట్టునప్పుడు అలుగును తరచు నీట ముంచుచుండవలెను. సానచక్రము రాపిడికి అంచు నీలమెక్కినచో అంతవరకు పడిన శ్రమ అచ్చట వ్యర్థమైనట్లే.

పని ముగిసినదని తోచినప్పుడు ఒక పరీక్ష కలదు. సన్నని ఇత్తడి కడ్డీపై అంచును ఏటవాలుగా ఆనించి కొంచెము నొక్కవలెను. అంచు కడ్డీమీద వంగి, విడువగనే యథాస్థితికి వచ్చినచో పదును కుదిరినది. వంగి వంగినట్లే నిలిచినచో మెత్తన. కొలిమి మొదలు పని మరల చేయవలెను. చిట్లినచో మరీ గట్టి. ఇంకొక పది, ఇరువది డిగ్రీలు హెచ్చుగా కాచి, మరల సానపట్టి, మరల ఇత్తడి కడ్డీపై నొక్కి చూడవలెను.